ముసురు పట్టిన రోజున మోటర్‌హోమ్: స్కాట్లాండ్ ఉత్తరపు దారుల మీద పాఠకుల ప్రశ్నలు

ఇన్వర్‌నెస్ దాటాక మొదలయ్యే స్కాట్లాండ్ ఉత్తరపు దారుల్లో మోటర్‌హోమ్ (లోపలే వంట, పడక ఉండే బండి) నడపడం గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ముప్పాతిక వంతు వాన గురించే. అక్కడి బోర్డుల మీద ఉండేవి మైళ్ళే కాబట్టి దూరాలు, వేగాలు మైళ్ళలోనే ఇస్తున్నాం.

ప్రశ్న: ఏడు మీటర్ల మోటర్‌హోమ్ అద్దెకి తీసుకుంటున్నాం. ఇన్వర్‌నెస్ నుంచి డర్నెస్‌కి ఒక్క రోజులో చేరాలి. ఆ రోజంతా వాన అంటున్నారు. లెయిర్గ్ మీదుగా దగ్గర అని ఫోన్ మ్యాప్ చూపిస్తోంది. ఆ దారే పట్టమంటారా? (లీడ్స్ నుంచి ఒక పాఠకుడు)

ఎండ రోజైతే అదే దారి పట్టమనేవాళ్ళం. వాన రోజున ఉల్లాపూల్ మీదుగా వెళ్ళండి. ఇరవై మైళ్ళ పైచిలుకు ఎక్కువ నడపాలి, నిజమే. కానీ ఈ దేశంలో దూరం కన్నా సింగిల్ ట్రాక్, అంటే ఒక్క బండే పట్టే దారి, ఎంత ఉందన్నదే అసలు లెక్క.

లెయిర్గ్ నుంచి ఏ838 రోడ్డు మీద, షిన్ సరస్సు ఒడ్డునే, లాక్స్‌ఫర్డ్ బ్రిడ్జి దాకా సుమారు 37 మైళ్ళు. అక్కణ్ణించి డర్నెస్‌కి ఇంకో 19. ఈ 56 మైళ్ళలో చాలా భాగం ఒక బండి పట్టేంత దారే. వానలో, ఎదురొచ్చిన ప్రతి బండికీ ఆగుతూ పోతే గంటకి 20, మహా అయితే 25 మైళ్ళు. అంటే రెండున్నర గంటలపాటు రెప్ప వెయ్యకుండా నడపాలి. ఉల్లాపూల్ వైపు ఏ835, దాని తర్వాత ఏ837, ఏ894 ఎక్కువ మేరకు రెండు వరసల రోడ్లు. ఇరుకు దారి దాదాపు ఆఖరి 19 మైళ్ళకే పరిమితం.

ఇంకో లాభం, ఈ దారిలో వాన పడితేనే బాగుండే చోట్లున్నాయి. ఉల్లాపూల్ ఇంకా పన్నెండు మైళ్ళుందనగా కొరీషాలఖ్ లోయ వస్తుంది. అక్కడ 45 మీటర్ల జలపాతం, దాని మీద వేలాడే వంతెన. ఎండాకాలంలో సన్నటి దారంలా ఉండే నీళ్ళు వానకి రొద చేస్తూ దూకుతాయి. డర్నెస్‌లో స్మూ గుహ లోపల కూడా ఒక జలపాతం ఉంది. వాన మరీ ఎక్కువైతే లోపలి గదులకి పోనివ్వరు, ముందు భాగం మాత్రం చూడొచ్చు. మధ్యలో కైలెస్కూ వంతెన. 1984లో అది వచ్చేదాకా అక్కడ బండ్లు పడవ మీదే దాటేవి.

ఒక్క చోట జాగ్రత్త. లాఖిన్‌వర్‌కి గనక దిగితే, అక్కణ్ణించి కైలెస్కూకి దగ్గర దారంటూ ఫోన్ మిమ్మల్ని డ్రంబెగ్ మీదుగా పోయే బీ869లోకి తిప్పుతుంది. అందులో 25 శాతం వాలు ఉంది, అంటే నాలుగు మీటర్లు ముందుకెళ్తే ఒక మీటరు ఎత్తు. మలుపులు గుడ్డివి. పెద్ద బండ్లకి అది దారి కాదు. వచ్చిన ఏ837నే వెనక్కి పట్టుకోండి.

రోజు మార్చుకునే వీలు లేకపోయినా దిక్కు మార్చుకోవచ్చని కొందరికి తట్టదు. ఇక్కడి వాన ఎక్కువగా పడమటి గాలితో వచ్చి కొండల మీదే కురిసేస్తుంది. పడమటి కొండల్లో బాగా తడిసే చోట్ల ఏడాదికి 4,000 మిల్లీమీటర్లు దాటితే, తూర్పు తీరంలో కొన్ని చోట్ల 700 కూడా ఉండదు. పడమటి గాలి వీస్తున్న రోజున ఉల్లాపూల్ వైపు కుండపోతగా కురుస్తుంటే డోర్నాఖ్, హెల్మ్స్‌డేల్ వైపు పొడిగా ఉండటం మామూలే. పట్టుదల లేకపోతే ఆ రోజుకి తూర్పుకి పొండి.

ప్రశ్న: మాది ఆరు మీటర్ల వ్యాన్, మరీ పెద్దది కాదు. యాపిల్‌క్రాస్‌కి బ్యాలఖ్ నా బా కనుమ మీదుగా వెళ్ళొచ్చా? (మాంచెస్టర్)

వానలో వద్దు. ఆ దారి 626 మీటర్ల ఎత్తుకి ఎక్కుతుంది. వాలు అయిదుకి ఒకటి, పైన వెంట్రుకపిన్ను మలుపులు. కొత్తగా నేర్చుకునేవాళ్ళూ, మరీ పెద్ద బండ్లూ, కారవాన్లూ మొదటి మైలు దాటి రావద్దని కిందనే పెద్ద బోర్డు పెట్టారు. ఆరు మీటర్ల వ్యాన్ ఆ బోర్డు కింద అచ్చంగా రాదు, కానీ చిక్కు పొడవుతోనే రాదు.

మోటర్‌హోమ్‌లలో చాలావాటికి ముందు చక్రాలే లాగుతాయి. ఎగుడు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి జారి ముందు చక్రాలు తేలికవుతాయి. తడి మలుపులో ఎదురు బండి వచ్చి మీరు ఆగారనుకోండి, మళ్ళీ కదిలేటప్పుడు ఆ తేలికైన చక్రాలు గిర్రున తిరుగుతాయి. రెండు మూడు సార్లు క్లచ్ మీద ఆపి ఆపి కదిలిస్తే కాలిన వాసన మొదలవుతుంది. దిగేవైపు బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గుతాయి. ఇంతా చేసి మబ్బులో పైనుంచి కనపడేది తెల్లటి గోడే.

షీల్డెగ్ నుంచి తీరం వెంట ఇంకో దారి ఉంది. అదీ సింగిల్ ట్రాకే, వంకరలూ ఉంటాయి, కానీ ఆ ఎత్తులు ఉండవు. రావడానికీ పోవడానికీ అదే వాడండి.

ప్రశ్న: పాసింగ్ ప్లేస్ అంటే ఎప్పుడు ఎవరు ఆగాలి? ఎడమ పక్కన ఉంటే సరే, కుడి పక్కన ఉంటే అందులోకి దూరాలా? వానలో అంచు కూలుతుందంటారు, నిజమేనా? (ఎడిన్‌బరా నుంచి దంపతులు)

ఎదురు బండిని దాటనివ్వడానికి ఇరుకు దారి పక్కన అక్కడక్కడ వెడల్పు చేసిన చోటే పాసింగ్ ప్లేస్. ముందు నియమం చెప్పి, తర్వాత అంచు సంగతికొస్తాం.

పాసింగ్ ప్లేస్ మీ ఎడమ పక్కన ఉంటే అందులోకి వెళ్ళి ఆగాలి. కుడి పక్కన ఉంటే అందులోకి దూరకూడదు. దానికి ఎదురుగా మీ దారిలోనే ఆగితే, ఎదుటి బండి దాంట్లోకి తిరిగి మిమ్మల్ని చుట్టుకుని పోతుంది. కుడివైపు దూరారంటే ఎదుటివాడు మీరు ఎటు వస్తున్నారో తెలియక తడబడతాడు, వానలో ఇండికేటర్ కూడా మసకగానే కనిపిస్తుంది. ఎగుడు ఎక్కుతున్న బండికి వీలైనప్పుడల్లా దారివ్వాలి. వెనక ఎవరైనా తోసుకొస్తుంటే వాళ్ళని పంపెయ్యడానికీ ఇవే చోట్లు. ఎడమ ఇండికేటర్ వేసి, లోపలికి జరిగి, పోనివ్వండి. అయిదు బండ్లని వెనక వేలాడదీసుకుని పది మైళ్ళు పోవడం ఆ ఊళ్ళవాళ్ళకి ఒళ్ళు మండే సంగతి. డాక్టరు దగ్గరికో పనికో పోయేవాళ్ళకి కూడా ఉన్నది ఆ ఒక్క రోడ్డే. దారిచ్చినవాళ్ళకి చెయ్యెత్తడం మర్చిపోకండి.

కిటుకంతా దూరపు చూపులో ఉంది. బానెట్ ముందున్న దారిని చూడటం మానేసి, కనిపించినంత మేర రెండో, మూడో పాసింగ్ ప్లేసు దాకా చూడండి. ఎదురుగా లైట్లు కనపడగానే "నా దగ్గరున్నది ముందొస్తుందా, అతని దగ్గరున్నదా" అని లెక్కేసుకుని, మీదే ముందైతే అక్కడే ఆగిపోండి. వానలో బూడిద రంగు కార్లు లైట్లు లేకుండా వస్తే రోడ్డులో కలిసిపోతాయి. మీరు మాత్రం పగలైనా లో బీమ్ వేసే ఉంచండి. పొగమంచులో హై బీమ్ వేస్తే వెలుగు వెనక్కి కొట్టి ఇంకా కనపడదు.

ఇక అంచు. ఈ దారుల్లో చాలా చోట్ల తారు కింద గట్టి నేల ఉండదు, పీట్ అనే స్పాంజి లాంటి ఊబి నేల ఉంటుంది. తారు అంచు పక్కన పచ్చగా, చదునుగా కనపడే గడ్డి నిజానికి నీళ్ళు తాగి ఉబ్బిన బురద. మూడున్నర టన్నుల బండి ఎడమ చక్రం దాని మీద పెడితే తారుకీ గడ్డికీ మధ్య ఉన్న మెట్టు దిగిపోతుంది. ఒక్కోచోట ఆ మెట్టు జానెడు లోతు ఉంటుంది, టైరు పక్కగోడ దానికి కోసుకుంటుంది. చక్రం దిగిందని తెలిసిన క్షణంలో స్టీరింగ్ కుడికి లాగకండి. అంచు టైరుని పట్టేసి ఒక్కసారిగా వదిలితే బండి అడ్డం తిరుగుతుంది. యాక్సిలరేటర్ వదిలి, చక్రాలు నిటారుగా ఉంచి, మెల్లగా ఆగండి. ఆగాక దిగి చూసి, మెట్టు తక్కువగా ఉన్న చోట నడక వేగంతో ఎక్కించండి. రెండు బండ్లకి చోటు చాలట్లేదనిపిస్తే గడ్డి మీదికి జరగడం కన్నా వెనక్కి పోవడం ఎప్పుడూ మేలు.

వెనక్కి పోవడం ఇలా. వెనక కూర్చున్నవాళ్ళలో ఒకరు దిగి, డ్రైవరు వైపు అద్దంలో కనపడేలా నిలబడాలి. బండి వెనక నేరుగా నిలబడకూడదు. అద్దాల మీది చినుకులు ముందే తుడవండి. రివర్స్ కెమెరా కంటికి వాన నీరు అంటుకుంటే అంతా అలుక్కుపోతుంది, దాన్ని నమ్ముకోవద్దు. కుడి అద్దంలో తారు అంచు ఒకే దూరంలో కనపడేలా పట్టుకుని పొండి, ఎడమ దానంతటదే సరిపోతుంది.

ఇంకొకటి అద్దె బండి తీసుకున్నవాళ్ళకి తెలియనిది: తోక. వెనక చక్రం నుంచి బండి చివర దాకా రెండు మీటర్లు వేలాడుతుంటే, పాసింగ్ ప్లేస్ నుంచి కుడికి తిప్పి బయటకొచ్చేటప్పుడు ఆ తోక ఎడమకి ఊగుతుంది. సరిగ్గా ఎడమ పక్కనే పాసింగ్ ప్లేస్ బోర్డు స్తంభం ఉంటుంది. వెనక బంపర్లు పగిలేది అక్కడే. బయటకొచ్చేటప్పుడు ముందు ఒక మీటరు నేరుగా పోనిచ్చి ఆ తర్వాత తిప్పండి.

పాసింగ్ ప్లేస్‌లో టీ పెట్టుకోవడం, ఫొటోకి ఆగడం కుదరదు. వాన తగ్గేదాకా అని కూడా ఆగకండి.

ప్రశ్న: 60 అని ఉన్న చోట మేం 40లో పోతే తప్పా? (గ్లాస్గో)

తప్పేం లేదు, వెనకవాళ్ళని పోనిస్తే చాలు. సరుకులు లేకుండా బండి బరువు 3.05 టన్నుల లోపైతే రెండు వరసల మామూలు రోడ్డు మీద పరిమితి కార్లకున్నట్టే 60, అది దాటితే 50. పొడి రోడ్డు మీద 40లో పోయే కారు ఆగడానికి 36 మీటర్లు, 60లో అయితే 73 మీటర్లు కావాలి. తడి రోడ్డు మీద ఈ దూరం కనీసం రెట్టింపు. బరువైన మోటర్‌హోమ్‌కి ఇంకొంచెం వేసుకోండి. ముందు బండికీ మీకూ నాలుగు సెకన్ల ఎడం ఉండాలి.

ప్రశ్న: వాన రోజు బయల్దేరే ముందు ఏమేం చూసుకోవాలి? (బర్మింగ్‌హామ్ నుంచి సొంత బండి ఉన్న పాఠకురాలు)

మీ బండి కాబట్టి టైర్లతో మొదలుపెడదాం. చట్టం ప్రకారం గాడి 1.6 మిల్లీమీటర్లున్నా చాలు. వానలో మాత్రం 3 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే నమ్మకూడదు, నీటిని పక్కకి తోసే గాడి అప్పటికే చాలదు. ఏడాదిలో ఎక్కువ రోజులు నిలబడి ఉండే బండ్లకి గాడి అరక్కముందే రబ్బరు ముదురుతుంది. టైరు పక్కన డాట్ అని ఉన్న చోట చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేడేళ్ళు దాటిందంటే గాడి నిండుగా ఉన్నా మార్చే ఆలోచన చెయ్యండి.

గాలి విషయంలో కారు అలవాటు పనికిరాదు. కారుకి 35 పీఎస్ఐ అయితే, క్యాంపర్ టైర్లకి వెనక 80 పీఎస్ఐ దాకా కూడా చెప్తారు. డ్రైవరు తలుపు దగ్గర అంటించిన కాగితం చూడండి. తక్కువైతే టైరు వేడెక్కుతుంది. మరీ ఎక్కువైతే రోడ్డుకి ఆనే భాగం సన్నబడి తడిలో పట్టు పోతుంది. నిండా సరుకులు వేసుకుని ఒకసారి బరువు తూయించి, టైరు తయారీవాళ్ళని ఆ బరువుకి ఎంత పెట్టాలో అడగడం అన్నిటికన్నా మంచిది. మంచినీళ్ళ ట్యాంకు 100 లీటర్లంటే 100 కిలోలు, అది కూడా లెక్కలో ఉండాలి.

వైపర్ల రబ్బరు గీతలు వదులుతుంటే మార్చెయ్యండి. ముందు అద్దం కింద, వైపర్లు బయల్దేరే ప్లాస్టిక్ గాడిలో ఆకులు, చెత్త చేరి ఉంటాయి. వాటిని తియ్యకపోతే కన్నాలు మూసుకుపోయి వాన నీళ్ళు ఇంజన్ మీద పడతాయి. చేత్తో చేసే పని, అయిదు నిమిషాలు చాలు. కప్పులో ఉండే పై కిటికీలన్నీ గొళ్ళెం పడ్డాయో లేదో లోపల్నించి తోసి చూడండి. మెట్టు లోపలికి మడిచారా అన్నది రెండోసారి చూడండి.

క్యాబిన్ అద్దం ఆవిరి పట్టడం ఇంకో తలనొప్పి. తడి కోట్లు ముందు సీట్ల మీద వేసి, లోపలి గాలినే తిప్పే మీట నొక్కి ఉంచితే ఆ తేమ అంతా అద్దానికే చేరుతుంది. ఆ మీట తీసేసి బయటి గాలి రానివ్వండి. హీటరు, ఏసీ రెండూ కలిపి వెయ్యండి. ఏసీ గాలిలో తేమని లాగేస్తుంది, హీటరు అద్దాన్ని వెచ్చబెడుతుంది.

డీజిల్ సగానికి రాగానే నింపుకోండి. ఆ ఊళ్ళలో బంకు ఉన్నా సాయంత్రం, ఆదివారం మూసి ఉండొచ్చు.

ప్రశ్న: గాలి ఎంతుంటే ఆగిపోవాలి? (కార్డిఫ్)

ఒక్క అంకె చెప్పడం కష్టం. బండి ఎత్తు, గాలి ఏ పక్కనుంచి కొడుతోంది అన్నవాటి మీద ఉంటుంది. బ్రిటన్ వాతావరణ సంస్థ మెట్ ఆఫీస్ గాలికి ఆంబర్ (నారింజ రంగు) హెచ్చరిక ఇస్తే మాత్రం చర్చ అక్కర్లేదు, ఉన్న చోటే ఉండండి. పసుపు హెచ్చరికైతే వంతెనల గురించి ట్రాఫిక్ స్కాట్లాండ్ ఏం చెప్తోందో చూడండి. మీది ఎత్తు బండ్ల కిందికే వస్తుంది. టంగ్ దగ్గర 1971 నుంచి ఉన్న కట్టదారి రెండు పక్కలా నీళ్ళతో, చాటు లేకుండా ఉంటుంది. కొండ చాటు నుంచి ఒక్కసారి బయటపడే చోటా, ఎదురుగా లారీ దాటిపోయే క్షణంలోనూ బండి పక్కకి జరుగుతుంది. వేగం తగ్గించి రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉంచితే సరిపోతుంది.

ఆగాక మూతి గాలికి ఎదురుగా పెట్టండి, రాత్రి ఊగదు. గాలి వెనక నుంచి కొడుతుంటే మాత్రం క్యాబ్ తలుపులు తెరవగానే విరుచుకుపోతాయి. ఒక్కో తలుపే, రెండు చేతులతో పట్టుకుని తెరవండి. అద్దె బండ్లలో వంగిన తలుపు బందులకి డిపాజిట్ పోగొట్టుకున్నవాళ్ళు తక్కువేం కాదు.

ప్రశ్న: వాన పడ్డ గడ్డి మీద దిగబడితే ఎలా బయటపడాలి? (న్యూకాసిల్)

ముందు దిగబడకుండా చూద్దాం. క్యాంప్‌సైట్‌లో కంకర పరిచిన చోటు అడగండి. గడ్డి తప్ప లేదంటే ముందు కాళ్ళతో నడిచి చూడండి. అడుగు ముద్రలో నీళ్ళు ఊరితే అక్కడ వద్దు. వాలు ఉంటే మూతి దిగుడు వైపు పెట్టి ఆపండి, పొద్దున కదిలేటప్పుడు బండి బరువే మీకు సాయం చేస్తుంది. వచ్చిన రాత్రే ముందు చక్రాల కింద పట్టు చాపలు (టైరు జారకుండా పట్టు ఇచ్చే గరుకు చాపలు) వేసి దాని మీద నిలపడం పాతకాపుల పద్ధతి.

దిగబడ్డారనుకుందాం. చక్రం ఒక్క చుట్టు ఊరికే తిరిగిందని తెలియగానే కాలు తీసెయ్యండి. చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు. ఇంకొంచెం గట్టిగా తొక్కితే వచ్చేస్తుందనుకుంటారు. చక్రం పైన గడ్డిని చీల్చేసి, కింది బురదని అద్దంలా నున్నగా చేసి, తనకి తానే గుంత తవ్వుకుంటుంది. ఇరుసు కిందికి బురద తగిలేదాకా వెళ్ళిందంటే ఇక ట్రాక్టరే.

మొదటి ప్రయత్నం వెనక్కి చెయ్యండి, మీరు వచ్చిన జాడలోనే. ఆ నేల అప్పటికే మీ బరువుకి అణిగి కొంచెం గట్టిపడి ఉంటుంది. స్టీరింగ్ నిటారుగా ఉండాలి, తిప్పి ఉన్న చక్రం బురదని దున్నుతుంది. వెనక్కి రాకపోతే లోపలివాళ్ళందరినీ దింపండి. చిన్న పారతో ముందు చక్రాల ముందున్న బురద వాలుగా తీసెయ్యండి. పట్టు చాపల్ని చక్రం కిందికి వీలైనంత లోపలికి దూర్చండి. చాపలు లేకపోతే బండిని చదును చేసే దిమ్మలు పనికొస్తాయి. రెండో గేరు వేసి, క్లచ్ అతి నెమ్మదిగా వదలండి. మొదటి గేరులో బలం ఎక్కువై చక్రం జారుతుంది. చక్రాలు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ మీట ఉన్న బండ్లలో అది ఇంజన్ బలాన్ని కోసేసి కదలనివ్వకపోవచ్చు. ఒకసారి వేసి, ఒకసారి తీసి చూడండి. చాపల వెనక ఎవరూ నిలబడకూడదు, చక్రం వాటిని రాయిలా విసిరేస్తుంది.

కదిలాక ఆపకండి. గట్టి నేల మీదికి చేరాకే ఆగి, చాపల కోసం నడిచి వెనక్కి రండి.

లాగించుకోవాల్సి వస్తే, బంపర్‌లో మూత తీసి బిగించే కొక్కెం పనిముట్ల సంచిలో ఉంటుంది. దాని మర చివరిదాకా బిగించండి, సగం బిగిస్తే వంగిపోతుంది. తాడు నేరుగా ముందుకే లాగాలి. బిగిసిన తాడు పక్కన ఎవరూ ఉండకూడదు.

ప్రశ్న: రోజంతా వాన. సాయంత్రానికి మంచం పక్కన, కిటికీ మూలల్లో తడి. పై కిటికీ కారుతోందా, లేక లోపలి ఆవిరా? ఎలా తెలుస్తుంది? (బ్రిస్టల్ నుంచి పాఠకురాలు)

తడి ఎక్కడెక్కడుందో చూస్తే సగం తెలిసిపోతుంది. ఆవిరైతే చల్లగా ఉండే ప్రతిచోటా పలచగా ఉంటుంది: కిటికీ అంచులు, అల్యూమినియం చట్రం, పరుపు అడుగు. కారితే ఒక్కచోటే ఉంటుంది, తుడిచాక మళ్ళీ అక్కడికే వస్తుంది. చుట్టూ గోధుమరంగు మరక ఏర్పడుతుంది, వేలితో నొక్కితే పలక మెత్తగా తగులుతుంది. అనుమానంగా ఉన్న పై కిటికీ చట్రం చుట్టూ పొడి టిష్యూ కాగితం ముక్కలు టేపుతో అంటించి పడుకోండి. పొద్దున నాలుగు పక్కలా చెమ్మగా ఉంటే ఆవిరి. ఒక మూల ముక్క ఒక్కటే తడిసి ముద్దయితే కారుతున్నట్టే. ఆగి ఉన్నప్పుడు చుక్క రాని పై కిటికీ, ఎదురుగాలిలో 50లో పోయేటప్పుడు కారొచ్చు. వేగానికి నీళ్ళు ముందు వైపు రబ్బరు కిందికి దూరతాయి. అందుకే బండి ఆగగానే ఒకసారి చూడాలి.

కారితే దారిలో చెయ్యగలిగింది పై నుంచి బ్యూటైల్ అనే జిగురు రబ్బరు టేపు అంటించడం. కిటికీలకి వాడే మామూలు సిలికాన్ పూయకండి. తర్వాత అసలు సీలెంట్ ఏదీ దాని మీద అంటుకోదు, బాగుచేసేవాళ్ళు అదంతా గీకి తియ్యాల్సి వస్తుంది.

ఆవిరి సంగతి వేరు. ఒక కిలో ప్రొపేన్ మండితే కిలోన్నరకి పైగా నీరు పుడుతుంది. గ్యాసు పొయ్యి మీద అన్నం, కూర వండితే ఆ తేమంతా గదిలోకే వస్తుంది. బండిలో బిగించిన హీటరు పొగ, ఆవిరి రెండూ గొట్టంలోంచి బయటికి పంపుతుంది. కాబట్టి వెచ్చదనానికి పొయ్యి వెలిగించే పాపం చెయ్యకండి. తేమ ఒక్కటే కాదు, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. అలారం మోగుతోందో లేదో మీట నొక్కి చూసుకోండి. చలి వేస్తోందని కింది గాలి కన్నాలకి గుడ్డలు కుక్కొద్దు. తడి కోట్లు స్నానాల గదిలో తగిలించి, తలుపు వేసి, దాని పై కిటికీ రెండు వేళ్ళ సందు తెరవండి. పొద్దున పరుపు ఎత్తి నిలబెట్టండి.

ఆ సందు తెరిచేటప్పుడు దోమతెర వెయ్యండి. మే నుంచి సెప్టెంబరు దాకా వాన ఆగి గాలి పడిపోగానే మిడ్జీలు లేస్తాయి. ఇవి దోమ కన్నా చాలా చిన్నవి, గుంపుగా వచ్చి కుడతాయి. గాలి గంటకి ఏడు మైళ్ళు దాటితే ఎగరలేవు. ఈదురుగాలిని తిట్టుకునేవాళ్ళు ఆ ఒక్క విషయంలో దానికి రుణపడి ఉన్నారు.

ప్రశ్న: గ్యాసు సిలిండర్ బ్యుటేన్‌దా, ప్రొపేన్‌దా? (నాటింగ్‌హామ్)

ఉత్తరానికి ప్రొపేన్. బ్యుటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది, ప్రొపేన్ మైనస్ 42 దాకా అవుతుంది. లెయిర్గ్‌కీ టంగ్‌కీ మధ్య దారిలో వచ్చే ఆల్ట్‌నహారాలో 1995 డిసెంబరు 30న మైనస్ 27.2 నమోదైంది.

ప్రశ్న: స్కాట్లాండ్‌లో ఎక్కడైనా గుడారం వేసుకోవచ్చంటారు కదా, వానగా ఉంటే రోడ్డు పక్కనే ఆపి పడుకోవచ్చా? (లండన్)

ఆ హక్కు 2003 భూసంస్కరణ చట్టం ఇచ్చింది, కానీ నడిచేవాళ్ళకి, సైకిలు తొక్కేవాళ్ళకి, గుడారం మోసుకెళ్ళేవాళ్ళకి. ఇంజనున్న బండికి అది వర్తించదు. రోడ్డు దిగి 15 గజాల లోపు బండి ఆపుకుంటే నేరం కాదని 1988 రోడ్డు ట్రాఫిక్ చట్టం చెప్తుంది. అంతమాత్రాన ఆ నేల యజమాని పొమ్మన్నప్పుడు ఉండే హక్కు రాదు. క్యాంప్‌సైట్ ముందే మాట్లాడుకోండి. వానలో ఆలస్యమైతే ఫోన్ చేసి చెప్పడానికి సిగ్నల్ ఉండకపోవచ్చు, అందుకే బయల్దేరేటప్పుడే "ఆలస్యమైతే ఏ చోటు ఖాళీ ఉంచుతారు" అని అడిగి పెట్టుకోండి. టాయిలెట్ డబ్బా, వాడిన నీళ్ళు అక్కడి నిర్దేశిత తొట్టిలోనే పొయ్యాలి. వాన కడిగేస్తుందని కాలవలో పోస్తే అది కింది ఇంటివాళ్ళ తాగునీటిలోకే పోతుంది.

రోడ్డు పక్క ఆగినవాళ్ళకి ఇంకో మాట. స్కాట్లాండ్‌లో మద్యం పరిమితి 2014 డిసెంబరు నుంచి 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాములు, ఇంగ్లండ్‌లో ఇప్పటికీ 80. తాగి, తాళం చేతిలో పెట్టుకుని బండిలో ఉన్నా కేసు కావచ్చు.

ప్రశ్న: రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే? గొర్రెలు అడ్డం వస్తే? (అబర్డీన్)

పారే నీళ్ళు ముప్ఫై సెంటీమీటర్లుంటే కారు తేలిపోతుంది. మోటర్‌హోమ్ బరువెక్కువే, కానీ పక్కలు గోడల్లా ఉంటాయి, నీటి తోపుకి అవే పట్టు ఇస్తాయి. తారు అంచులు రెండూ కనపడకపోతే వెనక్కి తిప్పండి. పలచటి నీళ్ళలోంచి వచ్చాక, వెనక ఎవరూ లేరని చూసి, బ్రేకు రెండు మూడు సార్లు మెత్తగా నొక్కండి, తడి ఆరుతుంది. పశువుల కోసం రోడ్డుకి అడ్డంగా వేసిన ఇనప కడ్డీల జాలి తడిస్తే సబ్బులా ఉంటుంది. దాని మీద బ్రేకూ, మలుపూ రెండూ వద్దు.

గొర్రెలకి అక్కడ కంచెలుండవు. వానలో పొడిగా, వెచ్చగా ఉంటుందని తారు మీదికే వచ్చి పడుకుంటాయి. వసంతంలో తల్లి ఒక పక్క, పిల్ల ఒక పక్క ఉంటే, మీరు దగ్గరికి రాగానే పిల్ల తల్లి వైపు అడ్డంగా ఉరుకుతుంది. అలా కనపడితే నడక వేగానికి దిగండి. హారన్ కొడితే ఎటు పరిగెత్తుతాయో వాటికే తెలీదు. గొర్రెని గుద్దితే ఆగడం చట్టప్రకారం తప్పనిసరి. యజమాని దొరక్కపోతే 24 గంటల్లోపు పోలీసులకి చెప్పాలి. కుక్క, ఆవు, గుర్రం, మేకకీ అంతే.

ప్రశ్న: మా అబ్బాయి గ్లాస్గోలో ఉంటాడు. నేను వచ్చి నా భారత లైసెన్సుతో మోటర్‌హోమ్ నడపొచ్చా? (హైదరాబాద్)

బ్రిటన్‌లో దిగిన రోజు నుంచి 12 నెలలు నడపొచ్చు, కాకపోతే అనుమతించిన మొత్తం బరువు 3,500 కిలోలు దాటని బండే. మన ఎల్ఎంవీ 7,500 దాకా అనుకుని పెద్దది మాట్లాడుకోకండి. అద్దెకిచ్చేవాళ్ళకి వయసు, అనుభవం గురించి సొంత షరతులుంటాయి, ఆ బీమా కాగితం చదివి సంతకం పెట్టండి.

ప్రశ్న: సిగ్నల్ లేని చోట బండి ఆగిపోతే? (డండీ)

మ్యాపు ముందే ఫోన్‌లోకి దించి ఉంచుకోండి, కాగితం మ్యాపు ఒకటి సీటు జేబులో పెట్టండి. బ్రిటన్ సిమ్ ఉంటే బయల్దేరే ముందు 999కి రిజిస్టర్ అన్న ఇంగ్లీషు మాట మెసేజ్ చేసి, వచ్చిన జవాబుకి యెస్ అని పంపండి. అప్పట్నించి అత్యవసరానికి మెసేజ్ కూడా పంపొచ్చు. మాట్లాడటానికి చాలని బలహీనమైన సిగ్నల్‌లో కూడా ఒక్కోసారి మెసేజ్ వెళ్తుంది. అవతలి నుంచి జవాబు వస్తేనే అందినట్టు లెక్క. రాకపోతే బండిలోనే ఉండి, ప్రమాద సూచిక లైట్లు వేసి, వెనక వచ్చే మొదటి బండిని ఆపండి.